మావయ్య పెరట్లో తారు పీపా

మా మేనమామ పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా ఆవిడ ఇప్పటికీ నా నోరు మూయిస్తుంది. మూసుకోను. నమ్మించి గొంతు కోశాడు ఆ మనిషి. అదీ ఎలా కోశాడంటే, నా చేతే పొయ్యి రాజేయించి, నా చేతే వండించి, నా చేతే వడ్డింపజేసి మరీ కోశాడు. ఎవరింట్లోనైనా బొగ్గుల మీద మాంసం వాసన వస్తే అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

ముందు పీపా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఏదీ అర్థం కాదు.

మా ఊరు శృంగవరపుకోటకి కొండవైపు ఉంటుంది. అరవైల చివర్లో మా ఊరి పక్కనుంచి పోయే కంకర రోడ్డుకి తారు వేశారు. తారు వేసినవాళ్ళు పని ముగించుకుని పోతూ, పైమూత ఊడిపోయి, పక్కన సొట్టపడిన పీపా ఒకటి రోడ్డు వార వదిలేసి పోయారు. ఎవరూ ముట్టుకోలేదు. నేను దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చాను. దాంతో ఏం చేస్తావురా అని ఊరంతా నవ్వింది. ఏం చేస్తానో నాకు తెలుసు. శృంగవరపుకోట సంతకి కొండవాళ్ళు అడ్డాకుల్లో కట్టి పొగబెట్టిన మాంసం తెచ్చేవాళ్ళు. ఒకసారి ఒక ముసలమ్మ దగ్గర కొనుక్కుని అక్కడే నిలబడి తిన్నాను. ఆ రోజునుంచీ నా మనసు మనసులో లేదు. వాళ్ళకి ఇంట్లో పొయ్యి ఆరదు, పైన చూరుకి కట్టి రోజుల తరబడి పొగ పట్టిస్తారు. మన ఇంట్లో అలా కుదరదు. అందుకని ఇనప పీపాలో బొగ్గులేసి, ఒక్క పూటలో అదే రుచి రప్పించాలని నా ఆశ.

మొదటిసారి పీపాలో ఎండుగడ్డి వేసి మంటపెట్టి, తారు పోయిందనుకున్నాను. ఎక్కడ పోతుంది! ఒక నాటుకోడిని వేలాడదీసి పొగబెట్టాను. తీసి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నోట్లో పెట్టుకుంటే కొత్త రోడ్డు నాకినట్టుంది. మా అమ్మ ఒక ముక్క కొరికి పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసింది.

"ఓలమ్మా, ఈడు నన్ను సంపీసేలాగున్నాడు! బంగారంలాంటి కోడి, బుగ్గి సేసీసినాడు" అని శాపనార్థాలు పెట్టింది.

తారు అంత తేలిగ్గా వదలదు. లోపలా బయటా పిడకలు పేర్చి పీపా ఎర్రబడేదాకా కాల్చాలి. చల్లారాక కొడవలి మొనతో గీకాలి. ఇసుకా బూడిదా కలిపి కొబ్బరి పీచుతో తోమాలి. మళ్ళీ కాల్చాలి. లోపల తల పెట్టి వాసన చూస్తే మట్టి వాసన తప్ప ఇంకేదీ రాకూడదు. అప్పటికి గానీ అది వంటకి పనికిరాదు. ఆ తర్వాత అడుగున మేకుతో చిల్లులు పొడిచాను. పైన అడ్డంగా ఇనప చువ్వలు గుచ్చాను. అంతకుముందు వెదురు బద్దలు పెట్టమని మావయ్య అన్నాడు. పెడితే కాలిపోయి మాంసం బొగ్గుల్లో పడింది. అప్పుడు కూడా కోపం రాలేదు నాకు. మావయ్య కదా!

మూతకి పాత ఇనప మూకుడు బోర్లించాను. సొట్ట ఉన్నచోట సందులు. ఆ సందుల్లోంచి పొగంతా పోయేది, గాలి లోపలికి పోయి బొగ్గు భగ్గున మండేది, పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉండేది. అప్పుడు గోనెసంచి తడిపి మూకుడు మీద కప్పి, సందుల్లో మెత్తటి బంకమట్టి కూరాను. దారికొచ్చింది. అడుగు చిల్లులు కూడా అంతే. నిప్పు ఎక్కువైతే ఒక చిల్లుకి మట్టి పెట్టడం, తక్కువైతే పుల్లతో మట్టి పొడిచేయడం. ఇంత పెద్ద పీపాకి పగ్గం ఆ నాలుగు చిల్లుల దగ్గరే ఉందని తెలుసుకోడానికి నేనెన్ని కోళ్ళని నాశనం చేశానో మా అమ్మనడగాలి.

బొగ్గు పీపాలో వేసి అందులోనే అంటించకూడదు. బయట కుంపట్లో రాజేసి, పైన తెల్లటి బూడిద కట్టాక అప్పుడు పీపాలోకి దించాలి. పచ్చి బొగ్గు పొగ చేదు. చింతబొగ్గయితే నింపాదిగా చాలాసేపు ఉంటుంది. కానీ ఆ రోజుల్లో కొండల్లో గొడవలు. పోలీసు జీపులు తిరిగేవి. బొగ్గు కావిళ్ళు సంతకి దిగడం తగ్గిపోయింది. దొరికినప్పుడే కొని అటక మీద దాచుకునేవాణ్ణి. బొగ్గు మీద పొగకోసం నాలుగు పుల్లలు వేయాలి. అందులోనూ నేను తినని దెబ్బ లేదు. వేపపుల్ల వేస్తే కషాయం తాగినట్టుంది. చివరికి జామపుల్ల కుదిరింది. తొక్క తీసి నీడలో ఆరబెట్టిన జామపుల్ల. పొగ పల్చగా, నీలంగా రావాలి. దట్టంగా తెల్లగా వచ్చిందంటే ఆ మాంసం నాలుక మీద పెట్టలేం.

నిప్పుకీ మాంసానికీ మధ్య మట్టి దాకలో నీళ్ళు పెట్టాలి. కొవ్వు కారి నిప్పులో పడకుండా ఉంటుంది, మాంసం ఎండిపోకుండానూ ఉంటుంది. ఉప్పూ పసుపూ వెల్లుల్లీ ముందు రోజు సాయంత్రమే పట్టించి, పొద్దున్నే గాలికి వేలాడదీస్తే పైన తడి ఆరి వేలికి అంటుకునేలా అవుతుంది. అప్పుడు పొగ పట్టుకుంటుంది. తడి మాంసానికి పొగ పట్టదు, మసి పడుతుంది. ఇంక అన్నిటికంటే ముఖ్యం, మూత తీసి చూడకూడదు. తీసినప్పుడల్లా మొదటికొస్తుంది.

ఈ మూత దగ్గరే మావయ్యకీ నాకూ ప్రతిసారీ యుద్ధం.

"ఒక్కసారి సూస్తానురా. ఏటైపోనాదో ఏటో నోపల."

"మావా, సెయ్యి తియ్యి. తీసినావంటే నీకు ముక్క నేదు."

"ఓరోరి, మావనే బెదిరిస్తన్నావేటి!" అని నవ్వి నులకమంచం మీద మళ్ళీ వాలిపోయేవాడు.

మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. మావయ్య మా అమ్మకి అన్న. మధ్యలో గెడ్డ, చిన్న వాగు. అది దాటితే వాళ్ళ ఊరు. నాకు నాగలి పట్టడం నేర్పింది ఆయన, నాకు జ్వరమొస్తే బండి కట్టించి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళింది ఆయన. నా పీపా మాంసం కుదిరినప్పట్నుంచీ వారానికోసారి వచ్చి మంచం పీపా పక్కన వాల్చుకునేవాడు. తిని, మూతి తుడుచుకుని, "రాజమండ్రిదాకా ఎల్లినా ఇలాంటి మాంసం దొరకదురా" అనేవాడు. ఆయన రాజమండ్రి ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా ఆ మాటకి నేను పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆయనకి ఒక్కతే కూతురు. మా వాళ్ళలో మేనమామ కూతురు మేనల్లుడికే. ఆ పిల్ల పుట్టినప్పుడు మావయ్య పొత్తిళ్ళతో సహా తీసుకొచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టి, "ఇది నీ కోడలే సెల్లీ" అన్నాడట. ఈ ముక్క నేను మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. మావయ్య నోటా విన్నాను. కల్లుకి కూర్చున్న చోటా, సంతలోనూ, నలుగురిలో నా భుజం మీద చెయ్యేసి "నా పిల్ల మొగుడు ఈడే" అనేవాడు. నేను వేరే సంబంధం గురించి ఒక్కనాడు ఆలోచించలేదు. నాకు పొలం నాలుగు చెక్కలు, అదీ మెట్ట. చదువు అయిదో క్లాసు. నాకున్న ఆస్తల్లా ఆ మాటే. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఇది చెప్పడానికి ఈ వయసులో సిగ్గెందుకు?

జామపుల్లలు తెచ్చేది ఆ పిల్లే. మేనత్తని చూసే వంకన గెడ్డ దాటి వచ్చేది. ఒడినిండా పుల్లలు, అన్నీ తొక్క తీసి ఒకే పొడుగున విరిచినవి. పీపా పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ అందించేది. మూత దగ్గర నేను ఎవరి మాటా వినని మనిషినని దానికి తెలుసు, అందుకే ఎప్పుడూ తీయమనలేదు. తీశాక మాత్రం మొదటి ముక్క దానిదే. పక్కటెముక చివర కొంచెం మాడిన ముక్క దానికిష్టం.

"బావా, నీ పక్కన నిలబడితే ఆకలేస్తాది. ఒల్లంతా మాంసం వాసనే."

"అలవాటు సేసుకో. రేపు ఈ వాసనతోటే కాపరం."

"సూద్దాంలే" అనేది, పళ్ళు కనబడకుండా నవ్వుతూ.

ఆ ఏడు కోతలయ్యాక కొన్నాళ్ళు ఆ పిల్ల మా ఇంటికి రాలేదు. పెద్దదయింది, పెళ్ళి ముందు తిరక్కూడదని కట్టడి చేశారేమో అనుకున్నాను. ఒకరోజు మావయ్య వచ్చాడు. మంచం వాల్చుకోలేదు. నిలబడే మాట్లాడాడు.

"ఒరే, వచ్చే ఆదివారం మా ఇంటికి పెద్దోళ్ళు వస్తన్నారు. పిల్ల పెళ్ళి మాట తేల్సీద్దారని. ఇంక ఆపకూడదు."

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. పీపా మీద గోనెసంచి సర్దాను.

"నీ సేతి మాంసం ఉండాల. మేకపోతుని నాను సూసీసినాను. పీపా బండి మీద మా ఇంటికాడికి తెచ్చీ."

"మా ఇంటికాడే సేసి పట్టుకొస్తాను మావా. ఇంత బరువు మోయడం ఎందుకు?"

"కాదురా. మా పెరట్లోనే సెయ్యాల. వచ్చినోళ్ళు సూడాల. సేసింది నువ్వేనని ఆల్లకి తెలవాల గదా" అన్నాడు. నా వీపు తట్టి నవ్వాడు కూడా.

వచ్చే పెద్దలెవరు మావా అని నేను అడగలేదు. ఎందుకడుగుతాను? కాబోయే మావ, పెళ్ళి మాట తేలుద్దామంటున్నాడు. మా వాళ్ళలో అలాంటి రోజున మాంసం పెట్టకపోతే మర్యాద కాదు. నా చేతి వంట పదిమందికీ చూపించి, "సూడండి నా అల్లుడి పనితనం" అని చెప్పుకోవాలని ఆయన ఆశ అనుకున్నాను. నక్క తోక తొక్కి వచ్చానని మురిసిపోయాను. ఎద్దు మొహం నాది!

ఆ వారమంతా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక్కగానొక్క కొడుకు పెళ్ళంటే ఆ మాత్రం బెంగ ఉంటుందిలే అనుకున్నాను. ఆదివారం పొద్దున నేను కొత్త చొక్కా తీస్తే చేతిలోంచి లాక్కుంది.

"పొగలో నిలబడేవోడికి కొత్తది ఎందుకురా? పాతది ఏసుకో."

"సాయంత్రం అయినా ఏసుకోవాల గదే అమ్మా. పెద్దోళ్ళొస్తన్నారు."

"పాతది సాల్లే" అంది మొహం చూపించకుండా.

పాతదే వేసుకున్నాను. ఎందుకైనా మంచిదని కొత్తది మడిచి బండిలో పెట్టుకున్నాను.

పీపా ఎక్కించి, దాచుకున్న చింతబొగ్గంతా గోనెలో కట్టి, నాలుగు మెతుకులు తిని, అమ్మని బండెక్కించుకుని బయల్దేరాను. మేకని ముందురోజే కోయించి ఉప్పూ పసుపూ పట్టించమని అత్తకి కబురు పెట్టాను. అత్త అంటే మావయ్య భార్య. ఆవిడ ఏ పనీ సరిగ్గా చెయ్యదు, ఆ రోజు మాత్రం చెప్పినవన్నీ చేసి పెట్టింది. పెరట్లో కొండగాలి వీస్తోంది. గడ్డివాము చాటున పీపా దింపి, చిల్లులు గాలికి ఎదురుగా లేకుండా తిప్పాను. మావయ్య కూతురు ఎక్కడా కనబడలేదు. పెళ్ళికూతురు కదా, సిగ్గుపడుతోంది అనుకున్నాను. జామపుల్లలు నేనే విరుచుకున్నాను.

ఆ రోజు మాంసం అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. బడాయి కాదు, ఉన్నమాట. తొడలూ పక్కటెముకలూ వేరువేరుగా వేలాడదీశాను. పక్కటెముకలు చల్లటి అంచుకి, తొడలు నిప్పుకి పైన. పొద్దుటినుంచీ ఎండ నడినెత్తికొచ్చేదాకా మూత తీయలేదు. పొగ నీలంగా, సన్నగా, గోనె అంచులోంచి తీగలాగా వచ్చింది. ఒక చిల్లు మూశాను, ఒకటి తెరిచాను. దాకలో నీళ్ళు మరిగిన చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇది నా పెళ్ళి వంట, మాడితే నా బతుకు మాడినట్టే అనుకుంటూ కళ్ళు ఆర్పకుండా చూసుకున్నాను. ఎముక పట్టి తిప్పితే చేతిలోకి ఊడొచ్చింది. ముక్క విరిస్తే అంచున గులాబీ రంగు, లోపల రసం. అంతకంటే ఏం కావాలి?

పెద్దలు రెండు బళ్ళలో దిగారు. నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. అత్త వైపు చుట్టాలేమో, సాక్ష్యానికి పిలిచారేమో అనుకున్నాను. వాళ్ళలో ఒక కుర్రవాడు టెర్లిన్ చొక్కా వేసుకుని, జేబులో పెన్నూ చేతికి గడియారమూ పెట్టుకుని ఉన్నాడు. చొక్కా నలుగుతుందేమోనని నిటారుగా కూర్చున్నాడు. మావయ్య వాళ్ళందరినీ పెరట్లోకి తీసుకొచ్చి నన్నూ పీపానీ చూపించాడు. "నా మేనల్లుడు. పొద్దుటినుంచి ఇక్కడే, ఈ పొగలోనే ఉన్నాడు పాపం" అన్నాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల ఊపారు. నాకు గర్వంగా ఉంది. మసి చేతులు తుడుచుకుని దండం పెట్టాను.

వసారాలో బంతి వేశారు. చొక్కా మార్చుకుంటానంటే మావయ్య మార్చుకోనివ్వలేదు.

"బేగి రారా, ఆల్లు కూసున్నారు. మాంసం నీ సేత్తో నువ్వే వడ్డించాల."

వడ్డించాను. ఒక్కొక్కరి విస్తరి దగ్గరా వంగి, అడిగి అడిగి వేశాను. టెర్లిన్ చొక్కా కుర్రవాడికి పక్కటెముకలు వేశాను. అత్త నా వెనకే వచ్చి "ఇంకో ముక్క ఎయ్యి, మొగమాటపడతన్నాడు" అంది. వేశాను. అందరూ మాటలు మానేసి తిన్నారు. వాళ్ళలో పెద్దాయన, తెల్ల మీసాలవాడు, ఎముక చీకి విస్తరిలో పెట్టి నావైపు చూశాడు.

"బాబూ, ఈ పిల్లకి మేనబావవి నువ్వేనంట గదా."

"అవునండి" అన్నాను. సిగ్గేసింది కూడా.

"మా కుర్రోడికి ఈ పిల్లని సేసుకుంటన్నాం. మేనబావ ఉండగా బయటోళ్ళం వచ్చినాం కాబట్టి అడగాల. అది పద్దతి. నీకేటీ అడ్డు నేదు గదా?"

మా వాళ్ళలో అదో రివాజు. మేనబావ ఉన్న పిల్లని బయటి సంబంధానికి ఇవ్వాలంటే, ఆ మేనబావ పదిమందిలో సరేననాలి. అడగకుండా చేస్తే అతను పెళ్ళిపందిట్లోకి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నా తప్పనేవాడుండడు. ఎన్నో సంబంధాలు ఆ భయంతోనే ఆగిపోయేవి. సరేనన్నాడా, ఇంక జన్మలో ఆ పిల్ల పేరెత్తకూడదు. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. నా విషయంలో ఆ ప్రశ్న వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

నా చేతిలో గరిట ఉంది. మావయ్య వైపు చూశాను. ఆయన విస్తరిలో అన్నం కలుపుకుంటున్నాడు, తల ఎత్తలేదు. నోరు తెరిచాను. నాకు అడ్డుంది, ఈ పిల్ల నాది, ఈ మాట పుట్టినప్పట్నుంచీ ఉంది, అని అనబోయాను. అనేవాణ్ణే. దేవుడి మీద ఒట్టు, అనేవాణ్ణే.

"ఆడికేటి అడ్డు బాబూ, ఏటీ నేదు. ఆడికి ఇష్టమే."

తలుపు వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. అది మా అమ్మ గొంతు.

"ఇంకేటి మరి! సొయంగా వొండి, సొయంగా వడ్డిస్తన్నోడికి అడ్డేటుంటాది!" అని మీసాలాయన నవ్వాడు. బంతంతా నవ్వింది. కన్నతల్లి అబద్ధం ఆడిందని పరాయివాళ్ళ ముందు ఎలా అంటాను? నా నోరు అలాగే ఉండిపోయింది. అంతలోనే అత్త తాంబూలాల పళ్ళెం తెచ్చింది. నేను గరిట పట్టుకుని నిలబడే ఉన్నాను, నా కళ్ళముందే ఆకులూ వక్కలూ చేతులు మారాయి.

వాళ్ళు చేతులు కడుక్కుంటుండగా నేను పెరట్లోకి వెళ్ళి దాకలో నీళ్ళన్నీ నిప్పుల మీద కుమ్మరించాను. బుస్సుమని పొగ లేచింది. మావయ్య పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"ఏటిరా, మొకం అలగెట్టినావు?"

"ఏటి మావా ఇది? పిల్ల నాదని సెప్పినావు గదా! సంతలో సెప్పినావు, కల్లుకాడ సెప్పినావు, మా అమ్మ ఒల్లో పెట్టి సెప్పినావు!"

"గొంతు తగ్గించు. ఆల్లింకా ఎల్లనేదు. ఆడికి పంచాయితీ సమితి ఆఫీసులో నౌకరీరా. గుమస్తా. నెలనెలా జీతం. నీకేటున్నాది? నాలుగు సెక్కల మెట్ట, ఒక తారు పీపా."

"ఆ తారు పీపాలోది ఇన్నాళ్ళూ తిన్నప్పుడు తెలవదేటి?"

"తిన్నాను. బాగున్నాది. ఇప్పుడూ బాగున్నాది. దానికీ దీనికీ ఏటి సంబంధంరా?" అన్నాడు, నిజంగా అర్థం కానట్టు. వక్కపొడి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ క్షణాన చేతికి పట్టకారు తగిలితే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు.

అమ్మ గడ్డివాము పక్కన నిలబడి కొంగుతో మూతి మూసుకుని ఏడుస్తోంది. నాకు జాలి కలగలేదు. ఇంకా మండింది.

"నీకు తెలుసు. అందుకే పాత సొక్కా ఏసుకోమన్నావు."

"అన్నయ్య ఒట్టెట్టించుకున్నాడురా. నీకు సెప్తే ఈ గడప తొక్కొద్దన్నాడు. మీ నాన్న నేడు, నాకు ఉన్నదల్లా ఈ పుట్టిల్లే గదా నాయనా. నాను సచ్చిపోతే సీరెట్టేవోడు ఆడే గదా."

"ఇవ్వకపోతే ఇవ్వకపోనాడు. వొండకుండా నన్ను ఆపొచ్చు గదే! నా సేత ఎందుకు వొండించినారు?"

"నువ్వు అడ్డు రావని ఆల్లు నమ్మనేదంట. నువ్వే వొండతన్నావని సెప్తేనే బయల్దేరినారంట" అంది వెక్కుతూ.

ఇంక నాకు ఆ మనిషితో మాట్లాడబుద్ధి కాలేదు. మొహం తిప్పుకుని పీపాలో తడి బూడిద ఎత్తిపోయడం మొదలుపెట్టాను. అమ్మ లోపలికి పోయింది. బళ్ళు కదిలిన చప్పుడైంది. వసారాలో మావయ్య ఎవరితోనో గట్టిగా నవ్వుతున్నాడు.

అప్పుడు వచ్చింది మావయ్య కూతురు. కొత్త చీర, తలనిండా పూలు, నుదుట వాళ్ళు పెట్టిన బొట్టు. గడప దగ్గరే ఆగింది.

"బావా, మిగిలిన మాంసం గిన్ని ఇయ్యి. అమ్మ తెమ్మన్నాది."

గిన్నె నా పక్కనే ఉంది. చేతిలోకి తీసుకుని గడప దాకా వెళ్ళాను గానీ ఇవ్వలేదు.

"నీకూ తెలుసు గదే."

"తెలుసు."

"ఒక్క మాట నాకు సెప్పలేకపోయినావా? గెడ్డ దాటితే మా ఊరు. ఎవరిసేతనైనా కబురెట్టలేకపోయినావా?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"నీకేటి కబురెట్టాల? నువ్వే నన్నొద్దన్నావంట గదా."

"నానా?"

"నీకు నా మీద మనసు నేదంట. వేరే సంబంధం సూసుకుంటన్నావంట. నాన్న సెప్పినాడు. నాను నమ్మనేదు. బావ అలగనడు అని నాన్నతోటి దెబ్బలాడినాను. అన్నం మానీసినాను. ఆ గుమస్తా నాకొద్దు, ఎల్లగొట్టీ అన్నాను. నాన్నకి ఏటి సెయ్యాలో తెలవక, సరేలే, ఆదివారం మీ బావని వంటకి పిలుస్తాను, ఏ రోజో, ఎందుకో అన్నీ సెప్పే పిలుస్తాను, ఆడు రాకపోతే నీ మాటే నా మాట అన్నాడు."

ఆమె గొంతు వణకలేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

"పొద్దున్న బండి సప్పుడైతే కిటికీలోంచి సూసినాను బావా. నువ్వు నవ్వుకుంటా పీపా దించతన్నావు. నాను నోపలికెల్లి కొత్త సీర కట్టీసుకున్నాను."

వసారాలోంచి మావయ్య కూతుర్ని కేకేశాడు. ఆమె నా చేతుల్లోంచి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.